కడలి ఒడ్డుకు కాలిబాట

నంది కొండలలో పుట్టిన ఉత్తర పినాకిని గౌరీబిదనూరు, హిందూపురం సీమలను దాటి, పావగడ తాలూకాలో నాగలమడికె చెంతగా సాగి, మరల ఆంధ్రదేశంలో అడుగుపెడుతుంది. నాగలమడికె సుబ్రహ్మణ్యేశ్వరుని జాతరకు తల్లిదండ్రుల వెంట వెళ్లి వచ్చిన పిల్లలలో ఎక్కువమంది ఈ నదిని ఇసుకగానే చూచి ఉంటారు. నిండు ప్రవాహాన్ని ఎరిగినవారు పెద్దలలోనే కనబడతారు. ఎండినా పారినా నది మాత్రం తన దోవను మరువలేదు. తాడిపత్రి, గండికోట, సిద్ధవటం, సోమశిల మీదుగా, పుట్టినచోటి నుండి సుమారు 597 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు జిల్లా ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. తెలుగువారు దానిని పెన్న అని పిలుచుకొంటారు.

పెన్న సముద్రంలో కలియునని చెప్పి భూగోళ పాఠం అక్కడ ఆగుతుంది. ఆ సంగమ తీరాన నివసించే బెస్త పల్లెలకు మాత్రం 1990 తరువాతి సంవత్సరాలలో ఒక గొప్ప చిక్కు వచ్చిపడినది. సముద్రం ఎక్కడికీ పోలేదు, ఒడ్డూ ఎక్కడికీ పోలేదు. ఇంటి నుండి ఒడ్డుకు నడిచే దోవ మూసుకుపోయినది. సముద్రం ఎవరిదని అడిగితే అందరిదీ అని చిన్నపిల్లవాడైనా చెప్పగలడు. సముద్రం దాకా పోయే దోవ ఎవరిదని అడిగినప్పుడే పెద్దలు కూడా తడబడతారు. రెండు వేల ఏండ్లుగా అనేక దేశాలలో సాగిన తీర వివాదాలను పరిశీలిస్తే, తగవంతా ఆ రెండవ ప్రశ్న చుట్టూనే తిరిగినట్లు కనబడుతుంది.

వల్లూరు వంటి మెట్ట గ్రామానికి ఈ విషయంతో ఏమి సంబంధమని చదువరులు అనుకోవచ్చును. పొలానికి పోయే బండిబాటను పక్క కమతంవారు దున్నివేసినప్పుడు రచ్చబండ దగ్గర ఎంత మాట జరుగుతుందో ఇక్కడి వారికి తెలుసు. అంతకన్న పెద్ద ఉదాహరణ కన్నుల ఎదుటనే ఉన్నది. తిరుమణి, వల్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలలో వెలసిన సౌర విద్యుత్ కేంద్రం 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరినది. రైతులు భూమిని అమ్ముకోలేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున, రెండేండ్లకొకసారి నూటికి ఐదు వంతున పెరిగే కౌలుకు ఇచ్చారు. వరుస కరవులతో కుదేలైన సీమకు అది చిన్న ఆసరా కాదు. పట్టా ఉన్నవారికి కౌలు వచ్చినది. పట్టా లేక, ఆ బయళ్లలో గొర్రెలను, మేకలను మేపుకొని బ్రతికినవారికి కంచె ఎదురైనది. వారు ఆ భూమికి ఎన్నడూ యజమానులు కారు, కాని తరతరాలుగా అందులో నడిచినవారు. కాగితం మీద లేని ఆ నడకకు విలువ కట్టే పద్ధతి ఏ కచేరీలోనూ లేదు. సముద్రతీరపు తగవు ఇదే వరుసలోనిది. అందుచేత ఇక్కడి వారు దానిని ఇతరులకన్న తొందరగా గ్రహించగలరు.

రోమను చక్రవర్తి జస్టీనియన్ క్రీ.శ. 533లో వెలువరించిన ధర్మశాస్త్ర సంగ్రహంలో గాలి, పారే నీరు, సముద్రం, సముద్రంతోపాటు దాని ఒడ్డు ప్రకృతి సిద్ధంగా అందరికీ ఉమ్మడి అని చెప్పబడినది. ఒడ్డు అనగా చలికాలపు పెద్ద అల ఎంతవరకు వచ్చునో అంతవరకు అని కూడా రోమనులు హద్దు చెప్పారు. ఇంతటి ఉదారమైన సూత్రం తరువాతి రాజ్యాలలో చెక్కుచెదరక నిలువలేదు. 1821లో ఇంగ్లండులో లివర్‌పూల్ సమీపాన గ్రేట్ క్రాస్బీ అనే తీరగ్రామంలో ఒక వివాదం పుట్టినది. ఆ రోజులలో దొరలు, దొరసానులు సముద్రస్నానానికి చక్రాలు తొడిగిన చిన్న గదులలో కూర్చుండి నీటిలోనికి వెళ్లేవారు. ఒక హోటలు నౌకరు అటువంటి బండ్లను ఒడ్డు మీదుగా తోలగా, ఆ తీరానికి హక్కుదారునైన జమీందారు వ్యాజ్యం వేశాడు. నలుగురు న్యాయమూర్తులలో ముగ్గురు జమీందారు పక్షం వహించి, స్నానానికై ఒడ్డును దాటే హక్కు ప్రజలకు సామాన్య ధర్మం వలన సంక్రమించదని తీర్పు చెప్పారు. జస్టిస్ బెస్ట్ ఒక్కరే విభేదించి, సముద్రానికి స్వేచ్ఛగా పోగలగడం ప్రజల అనాది హక్కని వాదించారు. ఓడిపోయిన ఆ ఒక్క అభిప్రాయమే తరువాతి కాలంలో అనేకమంది న్యాయవేత్తలను ఆలోచింపజేసినది.

భారతదేశానికి వచ్చిన ఆంగ్ల ప్రభుత్వం ఇక్కడ మరొక మార్గం అనుసరించినది. మద్రాసు ప్రభుత్వం 1905లో చేసిన భూ ఆక్రమణల చట్టం రెండవ సెక్షనులో బాటలు, వీధులు, కాలిదారులు, పోటునీటి గుర్తుకు దిగువనున్న సముద్ర గర్భం, నదులు, వంకలు, సరస్సులు, చెరువుల అడుగు భాగాలు అన్నీ, ఇతరుల హక్కు రుజువైన చోట తప్ప, ప్రభుత్వ ఆస్తి అని ప్రకటించినది. నెల్లూరు మొదలు విశాఖ వరకు తీరమంతటికీ అదే చట్టం వర్తించినది. మైసూరు సీమకు సముద్రం లేకపోయినను, రాష్ట్రాల పునర్విభజన తరువాత కన్నడ తీరం కూడా చేరినందున, 1964 నాటి కర్ణాటక భూ రెవిన్యూ చట్టం 67వ సెక్షనులో దాదాపు అవే మాటలు కనబడతాయి. వల్లూరు వంక అడుగు భాగాన్నీ మంగళూరు సముద్రపు అడుగు భాగాన్నీ ఒకే వాక్యం కాపాడుతున్నదన్నమాట. అయితే ఆ వాక్యం ఎవరికి హక్కు ఇచ్చినది? ప్రభుత్వానికి. ప్రజలకు అని అందులో లేదు. ప్రభుత్వం ప్రజల పక్షాన ధర్మకర్తగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. అది స్వయంగా కౌలుకిచ్చే యజమానిగా మారినప్పుడు ఆ తేడా బయటపడుతుంది.

దారి హక్కు సంగతి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో ఉన్నది. ఒకరి భూమి మీదుగా మరొకరు ఇరవై ఏండ్లు అడ్డులేకుండా, బహిరంగంగా, హక్కుగా నడిచినచో ఆ దారి నడిచినవారికి స్థిరపడుతుంది. అది ప్రభుత్వ భూమి అయినచో, 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ముప్పై ఏండ్లు కావలెను. వినుటకు సులువుగానే ఉన్నది. కాని చదువురాని బెస్త కుటుంబం తన తాత ఏ సంవత్సరం నుండి ఏ గట్టు మీదుగా నడిచాడో కోర్టులో ఎట్లు రుజువు చేస్తుంది? అనుమతితో నడిచితిరా, హక్కుతో నడిచితిరా అని వకీలు అడిగితే ఏమి చెప్పగలదు? పల్లెలలో ఎవరూ ఎవరినీ అనుమతి అడుగరు, ఎవరూ కాదనరు. ఆ మంచితనమే వ్యాజ్యంలో బలహీనతగా మారుతుంది.

పెన్న ముఖద్వారానికి ఇరువైపులా, బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ నడుమనున్న ఇసుక పట్టీ మీద పట్టపువారి పల్లెలు ఉన్నాయి. పట్టపుపాలెం అన్న పేరు ఆ తీరంలో పలుమార్లు వినబడుతుంది. రైతుకు కళ్లం ఎటువంటిదో వారికి ఒడ్డు అటువంటిది. తెప్పలను, నావలను లాగి నిలిపేది అక్కడ. వలలు ఆరవేసి చిరుగులు అల్లుకొనేది అక్కడ. చేపలు ఎండబెట్టేది, వేలంపాట పెట్టేది కూడా అక్కడే. అలివి వల వేసే పద్ధతిని గమనిస్తే ఒడ్డు విలువ మరింత తేటపడుతుంది. నావలో వలను తీసుకుపోయి నీటిలో అర్ధచంద్రాకారంగా విడిచి వస్తారు. దాని రెండు కొసల తాళ్లను రెండు జట్లవారు ఒడ్డున దూరదూరంగా నిలిచి లాగుతూ, మెల్లమెల్లగా ఒకరి వైపు ఒకరు జరుగుతారు. ఆ రెండు జట్ల నడుమ గోడగాని కంచెగాని వచ్చినదా, వల బయటకు రాదు. సెలవునాడు గాలికై వచ్చే పట్టణవాసికి ఒడ్డు మూతపడితే ఒక సాయంకాలం పోతుంది. వీరికి పోయేది ఆనాటి కూడు. ఈ రెండు నష్టాలనూ చట్టం 'ప్రజల ప్రవేశం' అన్న ఒకే మాటతో కొలుస్తున్నది.

స్వతంత్ర భారతంలో తీరరక్షణకు తొలి గట్టి అడుగు 1981 నవంబరులో పడినది. ప్రధానమంత్రి ఇందిరా గాంధి తీరరాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ వ్రాసి, పెద్ద పోటు నాటి నీటి అంచు నుండి 500 మీటర్ల వరకు ఎట్టి కట్టడాలు లేకుండా చూడవలెనని కోరారు. లేఖ లేఖగానే ఉండిపోయినది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చిన తరువాత, దాని క్రింద 1991 ఫిబ్రవరి 19న కేంద్ర ప్రభుత్వం తీరప్రాంత నియంత్రణ మండలి ప్రకటన వెలువరించినది. సీఆర్‌జెడ్ అని వార్తాపత్రికలు వ్రాసేది దీనినే. పోటు గుర్తు నుండి 500 మీటర్ల లోపు చేయదగినవి, చేయరానివి ఇందులో వివరించబడ్డాయి.

ఆ ప్రకటనకు అనుబంధంగా తీరంలో కట్టే హోటళ్లకు ప్రత్యేక నియమాలు ఉన్నాయి. పోటు గుర్తు నుండి 200 మీటర్ల లోపు కంచెతో సహా ఏ కట్టడమూ ఉండరాదు. ప్రజలు ఒడ్డుకు పోవుటకై ఏ రెండు హోటళ్ల నడుమనైనా కనీసం 20 మీటర్ల వెడల్పు ఖాళీ విడువవలెను. దేశంలో కడలి ఒడ్డుకు కాలిబాట అన్న ఊహ ఒక కొలతతో సహా ముద్రణకు ఎక్కినది ఇందులోనే. అయితే ఆ వాక్యం చివర ఒక వింత ఉన్నది. అటువంటి ఖాళీల మధ్య దూరం 500 మీటర్లకు తగ్గరాదని వ్రాశారు. అర కిలోమీటరుకొక దారి తప్పక ఉండవలెనని వారి ఉద్దేశమై ఉండవచ్చును. వ్రాసినదాన్ని వ్రాసినట్లు చదివితే మాత్రం అర కిలోమీటరు లోపు రెండవ దారి ఉండరాదని అర్థం వస్తుంది. వ్యాకరణం బడిలోనే గాక ప్రభుత్వ కచేరీలలో కూడా అక్కరకు వచ్చే విద్య. 1994లో చేసిన సవరణ ఖాసా భూముల చుట్టూ మొక్కల కంచెను, తీగలల్లిన ముళ్లకంచెను అనుమతించి, అది ప్రజలు ఒడ్డుకు పోవుటకు ఏ విధంగానూ అడ్డు కారాదని షరతు పెట్టినది. కంచె అనగానే అడ్డు. అడ్డు కాని కంచె ఎట్లుండునో ఆ సవరణ చెప్పలేదు.

ఈ నియమాలు వచ్చిన సమయానికే నెల్లూరు తీరాన వేరొక వెల్లువ మొదలైనది. అది రొయ్యల వ్యాపారం. టైగర్ రొయ్యకు విదేశాలలో మంచి ధర పలుకుతున్నందున, 1980ల చివరి నుండి కండలేరు వాగు చుట్టుప్రక్కల, ఉప్పుటేర్ల వెంబడి, సముద్రపు టొడ్డున వేల ఎకరాలలో చెరువులు త్రవ్వబడ్డాయి. చిన్న రైతులు కొందరు ఉన్నను, పెద్ద పెట్టుబడితో దిగిన కంపెనీలు కూడా ఉన్నాయి. చెరువుకు ఉప్పునీరు కావలెను గనుక సముద్రానికి ఎంత దగ్గరైతే అంత మేలు. అందుచేత చెరువులు పల్లెకూ ఒడ్డుకూ నడుమ చేరాయి. నిన్నటిదాకా తుప్పల మధ్య సాగిన కాలిదారి నేడు గట్టు అయినది, గట్టుకు కాపలా వచ్చినది. దొంగతనం భయంతో, రోగాలు సోకునన్న భయంతో చెరువుల యజమానులు పరులను రానీయలేదు. వారి భయం నిరాధారం కాదనే చెప్పవలెను. ఒక్కొక్క చెరువులో అప్పు తెచ్చి పోసిన ధనం ఉన్నది. కాని తెల్లవారుజామున తెప్ప వేసేవారు, పొద్దెక్కిన తరువాత చేపల గంపతో ఊళ్లమీదికి పోయే స్త్రీలు ఆ గట్లను చుట్టి నడువవలసి వచ్చినది.

దారితోపాటు నీరు కూడా పాడైనది. చెరువుల ఉప్పునీరు ఊటలలోనికి దిగి, తీరగ్రామాల బావులు ఉప్పుబారాయి. నెల్లూరు జిల్లాలోని ఒక మత్స్యకార గ్రామానికి, అక్కడివారు ఆందోళన చేసిన తరువాత, ట్యాంకర్లతో త్రాగునీరు తెచ్చి పోయవలసి వచ్చినది. ఫ్లోరైడు నీటితో అవస్థపడిన పావగడ తాలూకా వారికి ఆ బాధ వివరించి చెప్పనక్కరలేదు.

ఈ సమస్య తమిళనాడులోని నాగపట్టణం తీరాన కూడా ఇదే రూపంలో తలెత్తినది. అక్కడ భూమిలేని పేదలకై జీవితమంతా పాటుపడిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్, ఆయన సహధర్మచారిణి కృష్ణమ్మాళ్ రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా సత్యాగ్రహాలు నడిపారు. గ్రామ స్వరాజ్య ఉద్యమం తరఫున జగన్నాథన్ సుప్రీం కోర్టులో వేసిన వ్యాజ్యమే తరువాత నెల్లూరు తీరానికి కూడా వర్తించినది. నాగపురంలోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులను కోర్టు తీరానికి పంపినది. వారు ఆంధ్ర, తమిళనాడు తీరాలను చూచి ఇచ్చిన నివేదికలో, వ్యాపారం వలన వచ్చే రాబడికంటె ప్రకృతికీ ప్రజలకూ కలిగే నష్టమే ఎక్కువని తేల్చారు. పంటపొలాలు చవుడుబారడం, బావులు చెడడం, మత్స్యకారులకు సముద్రానికి పోయే దారులు మూసుకుపోవడం వంటి నష్టాలు కోర్టు ముందుకు వచ్చాయి.

1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్‌దీప్ సింగ్, జస్టిస్ సఘీర్ అహమద్ ఇచ్చిన తీర్పు దేశమంతటా సంచలనం కలిగించినది. సాంప్రదాయికమైన, దానిని కొంత మెరుగుపరచిన పద్ధతులలో సాగే చెరువులు తప్ప, నియంత్రణ మండలిలోని రొయ్యల చెరువులను 1997 మార్చి 31 లోగా తొలగించవలెనని వారు ఆదేశించారు. పులికాటు, చిల్క సరస్సులకు 1,000 మీటర్ల లోపు రొయ్యల పెంపకం ఉండరాదన్నారు. నేలపట్టు పక్షుల కేంద్రాన్ని కూడా ఆ సందర్భంలో పేర్కొన్నారు. పని పోయే కూలీలకు ఆరేండ్ల వేతనం పరిహారంగా ఇవ్వవలెనన్నారు. ఒక ఆదేశం ప్రత్యేకంగా గమనింపదగినది. పంటభూములు, ఉప్పుమడులు, మడ అడవులతోపాటు గ్రామ ఉమ్మడి అవసరాలకు విడిచిన భూమిని కూడా రొయ్యల చెరువులుగా మార్చరాదని తీర్పు నిషేధించినది. మద్రాసు చట్టం నాటి నుండి 'ప్రభుత్వ ఆస్తి'గా పిలువబడిన నేలకు, ఊరి ఉమ్మడి అన్న పాత పేరు ఆ విధంగా మరల దక్కినది.

తీర్పు వెలువడేనాటికే తీరంలో ఒక విపత్తు జరిగిపోయినది. 1994–95లో తెల్లమచ్చల రోగం సోకి టైగర్ రొయ్య చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. అప్పులపాలైన చిన్న రైతుల కష్టం కూడా ఈ చరిత్రలో భాగమే. వారిలో అనేకులు వరి మాని రొయ్యకు దిగినవారు. వారిని, పెద్ద కంపెనీలను ఒకే గాట కట్టడం న్యాయం కాదు. తీర్పుపై పునర్విచారణ కోరుతూ వచ్చిన అర్జీల మీద 1997లో కూల్చివేతల ఆదేశం నిలిపివేయబడినది. చివరకు 2005లో పార్లమెంటు తీర జలజీవుల పెంపకపు ప్రాధికార సంస్థ చట్టం చేసినది. 1991 నాటి ప్రకటనలోని నిషేధాలు ఈ పెంపకానికి వర్తించవని, ఆ మినహాయింపు 1991 ఫిబ్రవరి 19 నుండియే ఉన్నట్లు భావించవలెనని అందులో వ్రాశారు. పధ్నాలుగేండ్లు వెనుకకు నడచిన చట్టమది. న్యాయస్థానం ఇచ్చినదానిని శాసనసభలు మార్చగలవన్న పాఠం జగన్నాథన్ గారి అనుచరులకు చేదుగా తోచి ఉండవచ్చును. అయితే ఆ చట్టం క్రింద వచ్చిన మార్గదర్శకాలలో పాత తగవు తాలూకు ఒక గుర్తు మిగిలినది. ప్రక్కప్రక్కనున్న చిన్న చెరువుల కమతాల మధ్య 20 మీటర్లు, పెద్దవాటి మధ్య 100 నుండి 150 మీటర్లు, ముఖ్యంగా మత్స్యకారుల రాకపోకలకై విడువవలెనని వాటిలో ఉన్నది. హోటళ్ల నడుమ విడువమన్నదీ 20 మీటర్లే, చెరువుల నడుమ విడువమన్నదీ 20 మీటర్లే.

ఒడ్డుకు పోయే దారిని గురించి దేశంలో అన్నిటికంటె స్పష్టమైన తీర్పు గోవా నుండి వచ్చినది. అక్కడి వైంగినిం అనే తీరాన ఒక హోటలు కంపెనీకై ప్రభుత్వం భూమి సేకరించి ఇస్తూ, 1983లో ఒప్పందం వ్రాయించుకొన్నది. ఒడ్డుకు పోయే ప్రజల దారిని కాపాడవలెనన్నది అందులో ఒక షరతు. కాలక్రమాన హోటలు పెరిగి, దారి ఉన్న తావులోనికి వచ్చినది. స్థానికులు, గోవా ఫౌండేషన్ వేసిన వ్యాజ్యాలపై బొంబాయి హైకోర్టు 2000లో ప్రజల పక్షాన తీర్పు ఇవ్వగా, 2009 జనవరి 20న సుప్రీం కోర్టు దానిని సమర్థించినది. సముద్రతీరం వంటి సంపదకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల పక్షాన ధర్మకర్త మాత్రమే అన్న సూత్రాన్ని జస్టిస్ సింఘ్వీ ఆ తీర్పులో విస్తరించి వ్రాశారు. 1905 నాటి చట్టం వదలివేసిన ఖాళీ ఈ తీర్పుతో పూరింపబడినదని భావించవచ్చును. అదే సంవత్సరం గోవా ప్రభుత్వం భూసేకరణ చట్టానికి సవరణ తెచ్చి ఆ కట్టడాన్ని కూల్చివేత నుండి తప్పించినది. నెల్లూరు కథ గుర్తుకు రాక మానదు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1976లో ప్రత్యేకంగా తీర చట్టం చేసుకొన్నది. అయినను అక్కడ మార్టిన్స్ బీచి అనే చోట, ఒడ్డుకు చేరే ఏకైక రోడ్డు ఉన్న భూమిని 2008లో కొన్న ఒక భారత సంతతి వ్యాపారవేత్త తరువాత గేటు మూయించడంతో వివాదం రేగినది. ఆయన విన్నపాన్ని వినుటకు 2018 అక్టోబరులో ఆ దేశపు సుప్రీం కోర్టు నిరాకరించినది. ఒడ్డు ప్రభుత్వానిది, రోడ్డు ఆయనది. తగవు స్వరూపం నెల్లూరులోనైనా కాలిఫోర్నియాలోనైనా ఒక్కటే.

తెలుగునాట ఇటీవలి కాలంలో ఎక్కువ చర్చకు వచ్చినది విశాఖ తీరం. పాత లెక్క ప్రకారం 974 కిలోమీటర్ల ఆంధ్ర తీరంలో, విశాఖ నుండి భీమునిపట్నం వరకు గల భాగానికి ఉన్నంత గిరాకి వేరెక్కడా లేదు. గంగవరం ఓడరేవు 2009లో ప్రారంభం కాకముందే, గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు తమ వేట ఒడ్డు పోవునని పెద్ద ఎత్తున ఆందోళన చేశారు. ఓడరేవు వంటి ప్రజోపయోగానికి కొంత నేల అవసరమే. అందుకు ప్రతిగా వారికి ఇచ్చే ఇల్లు, పరిహారం, ఉద్యోగం, ఇవి ఎన్ని ఇచ్చినను నావ దింపే చోటుకు బదులు కాజాలవని వారి వాదన. ఇల్లు కదలించవచ్చును, రేవును కదలించడం కష్టం.

భీమునిపట్నంలో మరొక విధమైన సంఘటన జరిగినది. ఒక సంస్థ ఒడ్డు ఇసుకలో పెద్ద కాంక్రీటు గోడ కట్టినది. విషయం రాష్ట్ర హైకోర్టుకు చేరగా, కోర్టు ఆదేశాలపై మహా విశాఖ నగరపాలక సంస్థ 2024 సెప్టెంబరులో ఆ గోడను కూల్చివేయడం ఆరంభించినది. పైకి కనబడే గోడ పడిపోయినను, ఇసుకలోని పునాదుల సంగతి ఆ తరువాత కూడా విచారణలో నడిచినది. గోవాలో ఇరవై ఏండ్లకు పైగా పట్టిన పని ఇక్కడ త్వరగా జరిగినదంటే, అందుకు ప్రజల అప్రమత్తత, పత్రికల శ్రద్ధ చాలావరకు కారణం.

ఇక రుషికొండ. 2020లో దేశంలోని ఎనిమిది తీరాలకు ఒకేమారు 'బ్లూ ఫ్లాగ్' అనే అంతర్జాతీయ గుర్తింపు లభించగా, వాటిలో రుషికొండ ఒకటి. శుభ్రత, భద్రత, స్నానపు సదుపాయాలు ఉన్న తీరాలకు ఇచ్చే గుర్తింపు అది. ఆ నిర్వహణకు ఖర్చు ఉన్నది. 2023 జులైలో తలకు 20 రూపాయల ప్రవేశ రుసుము విధించ తలపెట్టారు. వెంటనే నిరసనలు వచ్చాయి, ఆ ఆలోచన ఉపసంహరించబడినది. ఇక్కడ దారికి అడ్డుపడినది ఖాసా యజమాని కాదు, కంచె కూడా కాదు, ఒక చీటీ మాత్రమే. శుభ్రమైన ఒడ్డుకు ఎవరో ఒకరు సొమ్ము చెల్లించవలెనన్న వాదనను కొట్టివేయలేము. అయితే పిల్లలతో కూలివాని కుటుంబం వచ్చినప్పుడు ఇరవై చొప్పున ఎంత అగునో మూడవ తరగతి విద్యార్థి కూడా లెక్క కట్టగలడు. వాహనాలు నిలుపుటకు రుసుము తీసుకొనడం వేరు, ఇసుకలో కాలు పెట్టుటకు తీసుకొనడం వేరు అని ఆనాడు నిరసించినవారు చెప్పినది సమంజసంగానే ఉన్నది.

నియమాలు మాత్రం మారుతూనే వచ్చాయి. 1991 నాటి ప్రకటన స్థానంలో 2011 జనవరిలో ఒకటి, 2019 జనవరిలో మరొకటి వచ్చాయి. 2019 నాటి ప్రకటనలో జనసాంద్రత అధికంగా గల గ్రామీణ తీరాలలో కట్టడాలు కూడని మేర 200 మీటర్ల నుండి 50 మీటర్లకు తగ్గింపబడినది. తమ ఇండ్లు బాగుచేసుకొనుటకు కూడా అనుమతి దొరకక విసిగిన తీరవాసులకు ఇది ఊరట. అదే 50 మీటర్లు దాటి హోటలు వచ్చినచో, వారి తెప్పలకు మిగిలే చోటు మాత్రం ఇరుకవుతుంది. 2023లో జలజీవుల పెంపకపు చట్టానికి చేసిన సవరణ, రొయ్య పిల్లల ఉత్పత్తి కేంద్రాల వంటివాటికి 200 మీటర్ల లోపు కూడా వీలు కల్పించినది.

పెన్న కలిసే తీరాన టైగర్ రొయ్య పోయి, 2009లో దేశంలోనికి అనుమతించిన వనామి రొయ్య వచ్చినది. నెల్లూరు పరిసరాలలో కొలువులు చేస్తున్న పూర్వ విద్యార్థులు ఏ ఆదివారమైనా మైపాడు ఒడ్డుకు వెళ్లినచో, ఆ ప్రాంతమంతటా నీటిని చిలికే చక్రాలతో కూడిన చెరువులను చూడగలరు. ఒడ్డు దాకా తారురోడ్డు ఉన్నది, బస్సు పోతుంది. ఆ రోడ్డుకు దూరంగా, చెరువు గట్ల మీదుగా పాలెం నుండి ఇసుకకు పోయే కాలిబాటలు కూడా ఉన్నాయి. వాటిలో వేటికి ఇరవై మీటర్ల వెడల్పు ఉన్నదో, వేటికి మనిషి ఒక్కడు గంపతో పట్టునంత చోటే మిగిలినదో అక్కడి స్త్రీలు చెప్పగలరు.